సెన్సార్ మూడుసార్లు ఎందుకు పోయింది

మన పత్రికల పిల్లల చదువుల గురించి, బీడీ కార్మికుల పెన్షన్ గురించి, మార్కండేయ రథోత్సవం గురించి రాసేటోళ్లు ఉన్నరు. నేను గ్యారేజీ మనిషిని. నాకు తెలిసింది ఇంజన్ పనే. అయినా ఈ సంగతి మన సోలాపూరోళ్లకు చెప్పాలె అనిపించి రాస్తున్న. మన పేటలల్ల ఇప్పుడు కారు అంటే షోకు కోసం కొన్నది అనుకోవద్దు. సాంచలు అమ్మిన పైసలతోటి పాత కారు కొని, మిగిలిన దానికి కిస్తులు పెట్టుకొని, తుల్జాపూర్‌కు, అక్కల్‌కోట్‌కు, పండరీపూర్‌కు భక్తులను తీసుకపోయి బతికేటోళ్లు దాజీ పేటల ఉన్నరు, అశోక్ చౌక్ దిక్కు ఉన్నరు, విడి ఘర్‌కుల్‌ల ఉన్నరు. ఇసొంటి ఇంట్ల కారు ఆవరేజ్ తగ్గిందంటే కూలి తగ్గినట్టే లెక్క.

మా బావ కూడ అట్లనే కారు కొన్నడు. ఇరవై ఏండ్లు టవల్ సాంచల మీద పనిచేసిండు. కారఖానాల పని వారానికి మూడు రోజులకు వచ్చేసరికి, ఉన్న నాలుగు సాంచలు అమ్మి, 2014 మోడల్ పెట్రోల్ కారు పాతది కొన్నడు. నెలకు 6,800 కిస్తు. మా అక్క బీడీలు చుట్టిన పైసలతోటి ఇల్లు గడుస్తది, కారు పైసలతోటి కిస్తు పోతది, మిగిలింది బిడ్డ కాలేజీ ఫీజుకు. ఇదీ వాళ్ల లెక్క.

కొన్న కొత్తల లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చిన కారు, ఏడాది తిరగక ముందే 12కు పడ్డది. మీటర్ దగ్గర ఇంజన్ బొమ్మ పసుపుపచ్చ లైటు వెలిగింది. పెట్రోల్ పంపు పక్కన ఉన్న ఒక గ్యారేజీల చూపిస్తే ఆక్సిజన్ సెన్సార్ పోయిందని చెప్పి కొత్తది వేసిన్రు. ఐదు నెలలు బాగనే ఉండె. మళ్ల లైటు వచ్చింది. మళ్ల సెన్సార్ మార్చిన్రు. ఈసారి నాలుగు నెలలు. మూడోసారి అగ్గువల వస్తదని డూప్లికేట్ వేసుకున్నడు, అది రెండు నెలలు కూడ ఉండలేదు. పద్నాలుగు నెలలల్ల మూడు సెన్సార్లు, మజూరీతోటి కలిపి 9,600 రూపాయలు.

లెక్క సెన్సార్లతోటి అయిపోలేదు. అక్కల్‌కోట్ పోయి వస్తే దాదాపు 80 కిలోమీటర్లు. లీటరుకు 16 ఇస్తే 5 లీటర్లు చాలు. 12 ఇస్తే 6 లీటర్ల 660 మిల్లీలీటర్లు పడతది. లీటరు 105 రూపాయల లెక్కన రోజుకు 175 రూపాయలు ఎక్కువ పోతున్నయి. నెలకు 26 రోజులు నడిపితే నాలుగున్నర వేలు. అంటే కిస్తులో మూడింట రెండు వంతులు సైలెన్సర్ నుంచి బయటికి పోతున్నట్టు. బావ పొద్దుగాల ఐదింటికి లేచి బండి తీసినా ఇంట్ల పైసలు ఎందుకు నిలుస్తలేవో అక్కకు ఎన్నో నెలలు సమజ్ కాలేదు.

ఆ కారు నా దగ్గరికి వచ్చినంక ఏం చూసిన, ఎట్ల చూసిన అనేది చెప్పే ముందు, సెన్సార్ అంటే ఏందో రెండు మాటలు చెప్పాలె.

మన ఇండ్లల్ల సాంచ నడిపినోళ్లకు ఇది తొందరగ అర్థమైతది. పేక పోగు తెగితే సాంచను ఆపేటందుకు ఒక ఫోర్క్ ఉంటది కదా. పోగు ఉన్నదా లేదా అని అది తడిమి చూస్తది. లేకపోతే సాంచ ఆగుతది. ఊకె ఊకె సాంచ ఆగుతుందంటే మంచి జాబర్ ఏం చేస్తడు? ఫోర్క్ ఒక్కటే మార్చి చేతులు దులుపుకోడు. కండె చూస్తడు, నాడె చూస్తడు, నూలు చూస్తడు. మా నాయన మిల్లుల జాబర్. ఆయన పని చూసుకుంటనే నేను పెరిగిన.

కారుల ఆక్సిజన్ సెన్సార్ ఆ ఫోర్క్ అసొంటిదే. అది ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డ్ మీద, ఒక పెద్ద బోల్టు లెక్క బిగించి ఉంటది. పెట్రోలు సరిగ్గ కాలాలంటే ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలె. పెట్రోలు కాలినంక పొగల ఎంత ఆక్సిజన్ మిగిలిందో సెన్సార్ చూస్తది. ఎక్కువ మిగిలితే 0.1 వోల్టు దగ్గర, తక్కువ మిగిలితే 0.9 వోల్టు దగ్గర కరెంటు సైగ పంపుతది. కారుల కంప్యూటర్ ఆ సైగను చూసి పెట్రోలు పెంచుతది, తగ్గిస్తది. సెన్సార్ కొన దాదాపు 300 డిగ్రీలు వేడెక్కితేగాని పని మొదలుపెట్టదు. అందుకే లోపల చిన్న హీటర్ ఉంటది. నాలుగు వైర్లు ఉన్న సెన్సార్‌ల రెండు ఆ హీటర్‌వే.

ఇక్కడ ఒక మాట మనసుల పెట్టుకోవాలె. ఈ సెన్సార్ ఆక్సిజన్‌నే చూస్తది, పెట్రోలును చూడదు. పొగ గొట్టంల ఎక్కడన్న సందు ఉండి బయటి గాలి లోపలికి పోయినా, ఒక ప్లగ్గు మిస్సింగ్ కొట్టి ఆ సిలిండర్ గాలి కాలకుండ వచ్చినా, అది "ఆక్సిజన్ ఎక్కువున్నది" అనే చెప్తది. కంప్యూటర్ ఆ మాట నమ్మి పెట్రోలు పెంచుతది. తప్పు సెన్సార్‌ది కాదు, అయినా పెట్రోలు పోతది.

మన ఊరికి ఈ సెన్సార్ ముచ్చటల ఒక పాత్ర ఉంది. కార్బరేటర్ ఉన్న పాత కార్లకు ఇసొంటిది లేకుండె. ఆ కాలంల పెట్రోలుల సీసం కలిపేటోళ్లు. సీసం తగిలితే సెన్సార్ చచ్చిపోతది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతట సీసం లేని పెట్రోలు వచ్చింది. తర్వాత 2010 ఏప్రిల్‌ల భారత్ స్టేజ్ నాలుగు నియమాలు మొదట 13 నగరాలల్ల పెట్టినప్పుడు ముంబయి, పూణేతోటి పాటు మన సోలాపూర్ పేరు కూడ ఆ జాబితాల ఉండె. అందుకని కంప్యూటర్, సెన్సార్ ఉన్న కార్ల పని మా గ్యారేజీలకు చాల ఊర్ల కన్న ముందే వచ్చింది. పానాతోటి, చెవితోటి పనిచేసేటోళ్లం, స్కానర్ పట్టుడు నేర్చుకోవాల్సి వచ్చింది.

స్కానర్ వచ్చినంక ఒక చెడ్డ అలవాటు కూడ వచ్చింది. స్కానర్ ఒక కోడ్ చూపిస్తది. ఆ కోడ్‌ల సెన్సార్ పేరు ఉంటే సెన్సార్ మార్చుడే. లైటు పోతది, గిరాకీ సంతోషంగ పోతడు. కోడ్ అనేది ఫలానా దిక్కు చూడు అని చెప్పే వేలు అసొంటిది. ఆ దిక్కు చూసే పని మనదే.

బావ కారుకు పీ 0133 కోడ్ వచ్చింది. సెన్సార్ జవాబు ఆలస్యంగ ఇస్తున్నదని దాని అర్థం. నేను మొదలు కోడ్ చెరపలేదు. రాసి పెట్టుకున్న. తర్వాత బావను అడిగిన.

"బావా, పొద్దుగాల బండి చాలు చేస్తే ఎట్ల ఉంటది?"

"కొంచెం వణుకుతది. పది సెకన్లు. మళ్ల మంచిగైతది."

"తెల్ల పొగ వస్తదా?"

"చలికాలంల అందరి బండ్లకు రాదా?"

"రేడియేటర్ డబ్బాల నీళ్లు పోస్తవా?"

"నీళ్లు ఎందుకు పోస్త! పచ్చ కూలంటే పోస్త. పది రోజులకొకసారి అర లీటరు. కింద ఎక్కడ కారుడు కూడ లేదు తమ్మీ, బండి గట్టిగనే ఉంది."

నాకు సగం జవాబు ఆ చివరి మాటలనే దొరికింది. కూలంట్ తగ్గుతున్నది, కింద చుక్క పడుతలేదు. మరి ఎటు పోతున్నది?

అయినా వరుస తప్పకుండ చూడాలె. మొదలు పొగ గొట్టం. చల్లని ఇంజన్‌ను చాలు చేసి మ్యానిఫోల్డ్ జోడింపు దగ్గర టిక్ టిక్ అనే చప్పుడు విన్న, నల్ల మసి మరకలు చూసిన. ఏం లేవు. రెండోది వైరింగ్. సెన్సార్ ప్లగ్గు విప్పి హీటర్ వైర్లకు 12 వోల్టులు వస్తున్నయా చూసిన, వస్తున్నయి. ఫ్యూజ్ బాగుంది. హీటర్ తెగలేదు. అంటే సెన్సార్‌కు కరెంటు అందుతున్నది, కొన వేడెక్కుతున్నది, అయినా పనిచేస్తలేదు.

అప్పుడు 22 నంబర్ పానాతోటి సెన్సార్ విప్పిన. కొన మీద తెల్లగ, సన్న ఇసుక చల్లినట్టు పొర ఉంది. బావ డిక్కీల పాత సెన్సార్లు రెండు పడి ఉండె. అక్క ఏదీ పారేయనియ్యదు, అది మంచిదైంది. ఆ రెండు తీసి పక్కన పెట్టిన. రెండింటికీ అదే తెల్ల పొర. ఒకటి కంపెనీది, ఒకటి డూప్లికేట్. మాల్ వేరు, చావు ఒక్కటే.

సెన్సార్ కొన రంగు చూసి చాల చెప్పొచ్చు. మెత్తటి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నది. గోధుమ రంగు బూడిద ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది, ఆయిల్‌ల ఉండే భాస్వరం, జింకు పేరుకుంటున్నయి. తెల్లని గరుకు పొర ఉంటే సిలికాన్ జాతి పదార్థం. అది రెండు దారుల వస్తది. ఒకటి, ఇంజన్ మూతలు బిగించేటప్పుడు రాసే సీలెంట్. వెనిగర్ వాసన వచ్చే అగ్గువ రకం రాస్తే దాని ఆవిరి ఇంజన్‌లకు పోయి సెన్సార్ మీద పేరుకుంటది. సెన్సార్‌కు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్న సీలెంటే వాడాలె. రెండో దారి కూలంట్. చాల రకాల కూలంట్లల్ల అల్యూమినియంకు తుప్పు పట్టకుండ సిలికేట్ కలుపుతరు. అది రేడియేటర్‌ల ఉన్నంతసేపు మంచిదే. ఇంజన్‌ల కాలిందంటే గాజు పొర లెక్క సెన్సార్ రంధ్రాలు మూసేస్తది.

నాలుగు స్పార్క్ ప్లగ్గులు విప్పిన. మూడు లేత గోధుమ రంగుల ఉన్నయి. మూడో సిలిండర్ ప్లగ్గు మాత్రం ఆవిరితోటి కడిగినట్టు తెల్లగ మెరుస్తున్నది. రాత్రి బండిని గ్యారేజీల పెట్టి, ఇంజన్ చల్లారినంక రేడియేటర్‌కు ప్రెషర్ పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత వరకే గాలి కొట్టి పెట్టిన. పొద్దుగాల చూస్తే ముల్లు సగానికి దగ్గరగ దిగి ఉంది. కింద నేల పొడిగ ఉంది. సన్న కెమెరా వైరు మూడో ప్లగ్గు రంధ్రంల దించితే పిస్టన్ మీద తడి కనబడ్డది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. రాత్రంత సన్నగ కూలంట్ మూడో సిలిండర్‌లకు ఊరుతున్నది. పొద్దటి వణుకు అదే. తియ్యటి వాసన వచ్చే తెల్ల పొగ అదే. సెన్సార్లను చంపింది కూడ అదే.

అయితే లీటరుకు నాలుగు కిలోమీటర్లు పడిపోవుడుకు ఇదొక్కటే కారణమా అని నాకు అనుమానం ఉండె. స్కానర్ పెట్టుకొని హైదరాబాద్ రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపించిన. ఇంజన్ వేడి 64 డిగ్రీలు దాటలేదు. ఆ ఇంజన్ 85 నుంచి 90 మధ్య ఉండాలె. వెనక్కి వచ్చి థర్మోస్టాట్ ఉండే మూత విప్పితే లోపల ఏం లేదు. ఎవరో దాన్ని తీసి పారేసి ఖాళీ మూత బిగించిన్రు.

థర్మోస్టాట్ అంటే ఒక చిన్న తలుపు. ఇంజన్ చల్లగ ఉన్నంతసేపు మూసి ఉంటది, వేడెక్కినంక తెరుచుకొని కూలంట్‌ను రేడియేటర్‌కు పంపుతది. మన దిక్కు ఎండలు ఎక్కువని, ఇది లేకపోతే ఇంజన్ చల్లగ ఉంటదని చాలమంది తీసేస్తరు. కాని ఇంజన్ 64 డిగ్రీలే ఉంటే కంప్యూటర్ ఏమనుకుంటది? ఇంకా వేడెక్కలేదు, ఇంకింత పెట్రోలు కావాలె అనుకుంటది. అక్కల్‌కోట్ దాక అట్లనే పోస్తది. వచ్చేటప్పుడు కూడ అట్లనే పోస్తది.

మరి మొదలు ఎవరు ఎందుకు తీసిన్రు? రేడియేటర్ ఫ్యాన్ రిలే విప్పి చూస్తే లోపల నల్లగ కాలి ఉంది. ఫ్యాన్ ఒకసారి తిరుగుతది, ఒకసారి తిరగదు. నా అంచనా ఇది. మొదటి యజమాని దగ్గరనే ఎండకాలం ట్రాఫిక్‌ల ఫ్యాన్ తిరగక ఇంజన్ వేడెక్కింది. రిలే చూడకుండ థర్మోస్టాట్ తీసేసిన్రు. అప్పటికే హెడ్ కొంచెం వంగింది, గ్యాస్కెట్ నలిగింది. రెండు మూడు వందల రిలే మార్చేది ఉండె. అది మార్చకపోవుడుతోటి గ్యాస్కెట్ పోయింది, గ్యాస్కెట్ చూడకపోవుడుతోటి మూడు సెన్సార్లు పోయినయి.

ఇదంత బావకు చెప్పి, మొత్తం పని 16,000 పైన అయితదని చెప్పిన. బావ చాలసేపు మాట్లాడలేదు. రెండు రోజులకు వేరే మాట పట్టుకొని వచ్చిండు. టాక్సీ స్టాండుల ఎవరో సలహా ఇచ్చిన్రట. రేడియేటర్‌ల లీకు మూసే పౌడర్ పోసి, లైటు చెరిపేసి, బండి అమ్మేయమని. గిరాకీ కూడ తయార్ ఉన్నడట. విడి ఘర్‌కుల్ పోరడే, కారఖానా బందయినంక బండి కోసం తిరుగుతున్నడు.

ఆ పౌడర్ల సంగతి నేను చెప్పిన. వాటిల చాలవాటిల సోడియం సిలికేట్ ఉంటది. కొన్నాళ్లు లీకు ఆగినట్టు కనబడతది. అదే సిలికేట్ మళ్ల సెన్సార్ మీదికి వస్తది, రేడియేటర్ సన్న గొట్టాలు కూడ మూసుకపోతయి. బండి రెండు నెలలు నడుస్తది, తర్వాత కొన్నోడి నెత్తి మీద పడతది.

మా అక్క అప్పుడు గడపల కూసోని బీడీ ఆకులు కత్తిరిస్తున్నది. తల ఎత్తకుండనే అన్నది.

"మనకు అమ్మినోడు గూడ గిట్లనే చేసిండు గదా తమ్మీ. గా పోరని తల్లి నాతోటే కార్ఖానల బీడీలు ఇచ్చేటందుకు నిలబడతది. రేపు ఆమె మొకం ఎట్ల చూడాలె?"

బావ ఏమనలేదు. అక్క భిశీ ఆ నెల వాళ్లకే రావాల్సి ఉండె, ఇరవై వేలు. బిడ్డ ఫీజుకని పెట్టుకున్నది. కాలేజీల ఫీజు రెండు వాయిదాలు చేయించుకొని, భిశీ పైసలు నా చేతుల పెట్టింది. ఆ పైసలు పట్టుకున్నప్పుడు నాకు భయమైంది. ఎప్పుడూ ఏ గిరాకీ పైసలకు అంత భయం కాలేదు.

హెడ్ దించి లేత్ వర్క్‌షాపుకు పంపినం. సూటి పట్టీ పెట్టి, ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే 0.12 మిల్లీమీటర్లు వంగి ఉంది. ఆ ఇంజన్‌కు 0.05 కన్న ఎక్కువ ఉండొద్దు. అంత సన్న తేడా అది, మూడు సెన్సార్లు మింగింది. హెడ్ ఫేసింగ్ చేయించినం. కొత్త గ్యాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు వేసినం. ఆ బోల్టులు ఒకసారి సాగినంక మళ్ల వాడొద్దు. టార్క్ పానాతోటి కంపెనీ చెప్పిన వరుసల బిగించినం. కొత్త థర్మోస్టాట్, కొత్త ఫ్యాన్ రిలే, కొత్త ఆయిల్, ఫిల్టరు, కూలంట్. రెండు రోజులు నడిపి, కూలంట్ గీత దిగలేదని చూసినంకనే కొత్త సెన్సార్ పెట్టినం. సెన్సార్ చివరకు పెట్టాలె. ముందే పెడితే లోపల మిగిలిన కూలంట్ దాని మీదనే కాలుతది.

మొత్తం 16,550 రూపాయలు అయినయి. అందుల మజూరీ మా సేట్ సగమే తీసుకున్నడు. ఇప్పటికి పదకొండు నెలలు అయింది. సెన్సార్ అదే ఉంది, లైటు రాలేదు. ఇంజన్ వేడి 88 దగ్గర నిలబడ్డది, ఆవరేజ్ మళ్ల 16 ఇస్తున్నది. పెట్టిన పైసలు నాలుగు నెలలల్ల పెట్రోలుల మిగిలినయి. బిడ్డ రెండో వాయిదా ఫీజు దాంట్ల నుంచే కట్టిన్రు.

అందరి బండ్లకు ఇదే రోగం ఉంటదని నేను చెప్పను. సెన్సార్ ఊకె పోవుడుకు వేరే కారణాలు కూడ ఉంటయి. ఆయిల్ తాగే ఇంజన్, పాడైన ఇంజెక్టర్, మిస్సింగ్ కొట్టే ప్లగ్గు లేదా కాయిల్, వేడి మ్యానిఫోల్డ్‌కు తగిలి కరిగిన వైరు, ఇవన్ని ఉంటయి. వైరు కరిగిందని అతుకు పెట్టి టంకం వేసేటోళ్లు ఉంటరు. చాల సెన్సార్లు బయటి గాలిని ఆ వైర్ల సందుల నుంచే లోపలికి తీసుకుంటయి. టంకం వేస్తే ఆ దారి మూసుకపోతది. ప్లగ్గుల గ్రీజు పెట్టినా అంతే. సెన్సార్ కింద పడితే లోపలి పింగాణీ పగులుతది, పైకి ఏం కనబడదు. బిగించేటప్పుడు మరలకు రాసే పేస్టు కొనకు తగలొద్దు.

బండి నడిపేటోళ్లు గ్యారేజీకి రాకముందే చేసుకోగలిగిన పనులు కొన్ని చెప్తున్న. వీటికి పైసలు పట్టవు.

ఆవరేజ్ అందాజతోటి చెప్పొద్దు. ట్యాంకు నిండ పోయించి మీటర్ రాసుకోండి. మళ్ల నిండ పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది రాసుకోండి. నాలుగుసార్లు రాస్తే నిజం తెలుస్తది. మన ఆడోళ్లు భిశీ లెక్క రాసే నోట్‌బుక్కులనే ఒక పేజీ చాలు.

వారానికోసారి పొద్దుగాల, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు కూలంట్ డబ్బా గీత చూడండి. వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ విప్పొద్దు, మొకం కాలుతది. గీత దిగుతుండి కింద చుక్క లేదంటే, పోస్తపోకుండ ఎటు పోతున్నదో అడగండి. కూలంట్ తియ్యగ ఉంటది కాని విషం. గిన్నెల తీసి పెడితే పిల్లలు గాని కుక్కలు గాని తాగుతయి, జాగ్రత్త.

సెన్సార్ మార్చితే పాతది అడిగి తెచ్చుకోండి. కొన రంగు మీరే చూడండి. "ఇది ఎందుకు పోయింది?" అని మెకానిక్‌ను అడగండి. "పాతదైంది" అంటే బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడండి. లక్ష కిలోమీటర్లు నడిచి పోయిందంటే నమ్మొచ్చు. ఐదు నెలలకు పోయిందంటే వేరే కారణం ఉన్నది. కోడ్ చెరిపే ముందు నంబరు కాగితం మీద రాసిమ్మనండి. స్కానర్ ఉన్నప్పుడు ఇంజన్ వేడి ఎంతుందో కూడ చూపించమనండి, ఒక నిమిషం పని.

లైటు వెలిగినా బండి నడుస్తుంది కదా అని ఊకుండొద్దు. ఎక్కువ పోయిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడుగుతది, పిస్టన్ రింగులు అరుగుతయి. కాలని పెట్రోలు పొగ గొట్టంల ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు పోయి దాన్ని కాలుస్తది. దాని ధర సెన్సార్ ధరకు ఎన్నో రెట్లు ఉంటది.

పాత బండి కొనేటోళ్లకు ఒక మాట. సాయంత్రం వేడి ఇంజన్ చూసి బేరం చేయొద్దు. పొద్దుగాల, బండి రాత్రంత ఆగినంక, మీరే పోయి చాలు చేయండి. వణుకు ఉందా, తెల్ల పొగ ఆగకుండ వస్తదా చూడండి. తాళం తిప్పినప్పుడు ఇంజన్ లైటు ఒకసారి వెలిగి ఆరిపోవాలె. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో తీసేసినట్టు. తెలిసిన మెకానిక్‌ను ఒక చాయ్ తాగిపిచ్చి తోడు తీసుకపోతే, ఇసొంటి పదహారు వేల పని ముందే తెలుస్తది.

విడి ఘర్‌కుల్ పోరడు తర్వాత వేరే కారు చూసుకున్నడు. కొనకముందు అక్కనే వాన్ని నా దగ్గరికి పంపింది. పొద్దుగాల ఆరింటికి పోయి ఇద్దరం ఆ బండి చాలు చేసి చూసినం. వణుకు లేకుండె. ప్లగ్గులు నాలుగూ ఒక్క రంగుల ఉండె. తీసుకో అన్న.